జీపు నెత్తిన పడక

మా జీపు పైకప్పు లేపి నిలబెడితే గురజాల రోడ్డున పోయే బస్సులన్నీ ఆగి, చూసి మరీ పోతాయి.

రాసి చదువుకుంటే నాకే కొంచెం ఎక్కువనిపించింది. ఆగింది ఒక్క బస్సు. అది కూడా మా చేలో కాయ కొయ్యడానికి వచ్చిన ఆడవాళ్ళు దిగాల్సి ఉండి ఆగింది. కాకపోతే దిగినవాళ్ళలో ఒకామె జీపు వైపు చూసి, "ఏందమ్మా అది, పుట్టగొడుగు లేచినట్టు లేచింది?" అన్నమాట మాత్రం నిజం. దానికి మా ఆవిడే సాక్షి. ఆమె నా తరఫున సాక్ష్యం చెప్పడం చానా అరుదు కాబట్టి ఈ సంగతి ముందే రాసిపెడుతున్నాను.

నాకు డెబ్బై దాటాయి. మాచర్ల క్వారీల నుంచి నాపరాళ్ళ లారీ తోలి వయసంతా ఖర్చుపెట్టాను. ఆ క్వారీ మూతపడ్డప్పుడు, మేస్త్రీని గుట్టల్లో తిప్పిన చిన్న జీపు నాతోపాటు ఇంటికొచ్చింది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే రకం. నల్లరేగడిలో వాన పడ్డాక ట్రాక్టరు దిగబడ్డ చోట కూడా ఇది పాక్కుంటూ బయటపడుతుంది. దిగబడ్డ ట్రాక్టరును ఒకసారి బయటికి లాగిందని ఊళ్ళో చెప్పుకుంటూ ఉంటాను. లాగింది ట్రాక్టరును కాదు, దాని వెనకున్న ఖాళీ ట్రక్కును. అదీ పదిమంది నెడుతుంటే.

చేను మాకు ఊరికి దూరం. మిరప వేస్తాం. మిరపతో పెద్ద పని కోతలు అయ్యాకే మొదలవుతుంది. పండుకాయ తెచ్చి చేను పక్కన చదును చేసిన కల్లంలో ఎర్రగా పరుస్తాం. పొద్దున ఆరబొయ్యాలి, సాయంత్రం కుప్పకు లాగాలి, మంచు తగలకుండా మీద బరకం కప్పాలి. టార్పాలిన్ పట్టాను మా వైపు బరకం అంటాం. కాయ గలగలమనేదాకా రోజూ ఇదే. అన్నాళ్ళూ ఇంటివాళ్ళు ఎవరో ఒకరు కల్లం దగ్గరే పడుకోవాలి. మబ్బు పడుతుంది, పందులొస్తాయి, పందుల కంటే తెలివైనవాళ్ళు కూడా వస్తారు. మా ఇంట్లో ఆ కాపలా నేనూ మా ఆవిడా. పెళ్ళయిన ఏడు నుంచీ ఇంతే. నేను కాపలా కాస్తానని, ఆవిడ తోడుంటుందని అనుకునేవాణ్ణి. ఆవిడ లెక్క దానికి తిరగేసి ఉండేదని తరవాత తెలిసింది.

పోయినేడు కల్లం దగ్గర మా మంచం మీదికి పాము ఎక్కింది. కట్లపాము. నా చేతికర్రంత పొడుగు. సరే, నేను చూసింది దుప్పటి మడతలోంచి జారిపోతున్న తోక ఒక్కటే. మిగతా పామును అంతా మా ఆవిడ చూసింది. ఆవిడకు అప్పటికే కుడి మోకాలు ఆపరేషనయి ఉంది. కంగారులో మంచం మీంచి ఆ కాలి మీదే దూకింది. పాము దానిదారిన అది పోయింది గానీ, మోకాలు మాత్రం వేసవంతా వాచిపోయింది.

సత్తెనపల్లిలో స్కూల్లో పాఠాలు చెప్పే మా అమ్మాయి ఆ వాపు చూసి, క్లాసులో మాట్లాడినట్టే మాట్లాడింది.

"నాన్నా, ఇంక చాలు. చేను కౌలుకిచ్చేద్దాం. పక్క చేను బాబాయి అడుగుతున్నాడు కూడా."

"కౌలుకిచ్చి నేనేం చెయ్యాలే? అరుగు మీద కూచుని ఎవుడి బర్రె ఎటు పోతందో చూడాలా?"

"చూడు. తప్పేంది? అమ్మ మోకాలన్నా బాగుంటది."

చివరకు ఒక్క పంట గడువు అడిగాను. అమ్మాయి ఒప్పుకుంది, షరతు మీద. కాయ కల్లానికి వచ్చేలోపు మేమిద్దరం నేలకూ పాముకూ అందకుండా పడుకునే ఏర్పాటు చూపించాలి. అమ్మ ఒకరి సాయం లేకుండా ఎక్కాలి, దిగాలి. అది చూపించలేకపోతే ఉగాదికి చేను బాబాయిది.

మంచె కట్టుకుంటే సరిపోయేదిగా అని మీరంటారు. మా ఆవిడా అంది. నిటారు నిచ్చెన ఆ మోకాలితో ఎట్టా ఎక్కుతావంటే మంచె మాట వదిలేసింది. ఇంకా కాళ్ళ కింద ఇటుకలు పెట్టిన మంచం, చుట్టూ దోమతెర లాంటి తేలిక దారులు చానా ఉన్నాయి. అవన్నీ కొట్టిపారేశాను. ఎందుకంటే అప్పటికే నేను ఫోన్లో ఒక వీడియో చూసి ఉన్నాను. ఎక్కడో కొండల్లో ఒకాయన చిన్న జీపు ఆపి, దాని కప్పును పెట్టె మూతలా వెనక నుంచి పైకి లేపాడు. లేచిన సందులో గుడ్డ గోడలు. లోపల పరుపు. దాంట్లో కూచుని టీ తాగుతున్నాడు. పాము సంగతి, మోకాలి సంగతి అమ్మాయికి చెప్పే కారణాలు. నిజం చెప్పొద్దూ, నాకు ఆ కప్పు కావాలి.

నరసరావుపేటలో లారీ బాడీలు కట్టే షెడ్డు ఒకటుంది. దాని యజమానీ నేనూ ఒకప్పుడు ఒకే లారీ మీద తిరిగాం. చుట్టరికం లేదు గానీ బావా అంటే బావా అనుకుంటాం. వీడియో చూపించాను. బావ రెండుసార్లు చూసి, ఫోను నా చేతిలో పెట్టాడు.

"ఒరేయ్ బావా, ఈ వయసులో నీకు పెళ్ళాంతో కొండలెక్కే బుద్ధి ఎట్టా పుట్టిందిరా?"

"కొండలు కాదు. కల్లం."

"కల్లానికా!" అని నవ్వడం మొదలుపెట్టాడు. టీ వచ్చి చల్లారిందాకా నవ్వాడు. నవ్వయ్యాక టేపు తీసి జీపు కొలవడం మొదలుపెట్టాడు. అదీ మా బావ.

బండి కప్పు మార్చాలంటే ముందు రవాణా ఆఫీసులో అనుమతి తీసుకోవాలని ఆయనే పట్టుబట్టాడు. ఆ ఆఫీసులో నేను బల్ల గుద్ది మాట్లాడి పని చేయించుకొచ్చానని ఇంట్లో చెప్పాను. మాట్లాడింది బావ. నేను బయట బెంచీ మీద కూచుని, పక్కాయన వేరుశనక్కాయలు తిన్నాను.

మా జీపుకు మొదట్నుంచీ ఇనపకడ్డీల మీద గుడ్డ టాపే. అది విప్పేసి, చుట్టూ చదరపు పైపుతో గట్టి చట్రం బిగించాం. దాని మీద ఇనపరేకు కప్పు. ముందువైపు అద్దం పైన బందులు, వెనకవైపు కొక్కేలు. కారు డిక్కీ తలుపును పైకి లేపే గ్యాసు రాడ్లు ఉంటాయి చూడండి, అవి పాత సామాన్ల దుకాణంలో రెండు ఏరుకొచ్చి అటొకటి ఇటొకటి పెట్టాం. లోపల సీట్లలో మనిషి కూచునేంత ఎత్తు వదిలి, చట్రం మీద ప్లైవుడ్ పలక, దాని మీద పరుపు. ఇనపరేకు వద్దని బావ ముందే అన్నాడు.

"బరువెక్కువైద్దిరా. లేవదు."

"పలనాడు గాలి నీకు తెలవదా? తేలిక రేకు వేస్తే కప్పు ఎగిరిపోయి కృష్ణ అవతల పడుద్ది. ఇనపదే వెయ్యి."

వేశాడు. కొక్కేలు విప్పాం. కప్పు కదల్లేదు. రాడ్లు కీచుమని ఒక్క మూలుగు మూలిగి ఊరుకున్నాయి. ఇద్దరం భుజాలిచ్చి నెట్టాం. జానెడు లేచింది. ఆ జానెడు సందులో నా తువ్వాలు ఇరుక్కుంది. కప్పు మళ్ళీ కూచుంది. మెడలో తువ్వాలుతో నేను జీపుకు కట్టేసిన దూడలా నిలబడి ఉండగా ఫోను మోగింది. అమ్మాయి.

"ఎంతవరకొచ్చింది నాన్నా నీ కప్పు?"

"అయిపోయిందమ్మా. పూర్తయింది."

"నిజంగా? ఎట్టా లేస్తది?"

"మీట నొక్కితే చాలు. దానంతటదే లేస్తది."

పక్కన బావ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

"అయితే ఈ ఆదివారం వస్తన్నా చూడ్డానికి. అమ్మను ఎక్కించి చూద్దాం," అంది అమ్మాయి.

ఫోను పెట్టేశాక బావ ముందు నా తువ్వాలు విడిపించాడు. ఆ తరవాత అడిగాడు, "మీట యాడుందిరా?"

ఆ వారం బావ తన పనులు పక్కన పెట్టి మా జీపే పట్టుకున్నాడు. పాత కంటైనరు విప్పితే వచ్చిన అల్యూమినియం రేకు తెచ్చి ఇనపరేకు బదులు వేశాడు. ఈసారి కొక్కేలు విప్పగానే కప్పు ఎగిరి లేచింది. రేకు మీద నేను పెట్టిన టీ గ్లాసు షెడ్డు దాటి రోడ్డు మీద పడింది. షెడ్డు దాటలేదు. కానీ గుమ్మం దాకా పోయింది, అంతమాత్రం నమ్మండి. కప్పు విసురు ఆపడానికి లారీ తాడు ఒకటి కట్టాం. ఒకరు తాడు పట్టుకుని కొంచెం కొంచెంగా వదులుతుంటే కప్పు బుద్ధిగా లేస్తుంది. దించేటప్పుడు మాత్రం మనిషి బరువంతా వెయ్యాలి.

మిగిలింది గుడ్డ. గురజాలలో ఆటోలకు టాపులు కుట్టే సాయిబు ఉన్నాడు. కొత్త కాన్వాసు గుంటూరు నుంచి రావాలి, ఆదివారానికి అందదన్నాడు. ఆదివారం నా మెడ మీద ఉంది. ఇంటి అటక మీద ఏళ్ళ తరబడి మిరపకాయల మీద కప్పిన బరకాలున్నాయి. మంచి దళసరివి, వాన చుక్క దూరదు. వాటిలో రెండు తీసుకెళ్ళి ఆయన ముందు వేశాను. ఆయన మడత విప్పి, మిషను కిందకు తోసి, వరసగా తుమ్మాడు.

"మామా, ఇది బరకమా, కారం మరా?"

"ఉతికా. కాలవలో వేసి బండకేసి బాది మరీ ఉతికా."

కాలవ దాకా పోలేదు. ఇంటి ముందు పరిచి రెండు బిందెల నీళ్ళు చల్లి ఎండబెట్టాను. సాయిబు మూతికి గుడ్డ కట్టుకుని కుట్టిచ్చాడు. దోమతెర కిటికీలు కూడా పెట్టాడు. జిప్పులు ఆటోలకు వాడేవి. చట్రం చుట్టూ బిగిస్తే అచ్చం వీడియోలో దానిలాగే ఉంది. రంగు మాత్రం నీలం మీద ఎరుపు డాగులు.

ఆదివారం మధ్యాహ్నం అమ్మాయి వచ్చింది. ఎండ ఫెళ్ళున కాస్తోంది. జీపు ఇంటి ముందు నిలబెట్టాను.

"మీటేది?"

"మీట కంటే తాడు నయమన్నారమ్మా."

"ఎవరన్నారు?"

నేను కొక్కేలు విప్పి తాడు వదిలాను. కప్పు లేచింది. అమ్మాయి ముఖంలో ఒక్క క్షణం అదేదో బాగుందే అన్న కళ కనబడింది. ఆ కళ కోసమే నేను ఇంత పని చేశానా అనిపించింది. వెనక తలుపుకు ఇనప నిచ్చెన తగిలించాను. మా ఆవిడ చీర కుచ్చిళ్ళు దోపుకుని, ఒక్కో మెట్టూ ఎడమ కాలితో ఎక్కి, కుడికాలు ఈడ్చుకుని, పళ్ళు బిగబట్టి పైకి చేరింది. వెనకే నేను. అమ్మాయి కూడా తల లోపలికి పెట్టింది.

ఎండకు గుడ్డ వేడెక్కి ఉంది. ఆ వేడికి బరకంలో ఏళ్ళుగా దాక్కున్న ఘాటంతా నిద్ర లేచింది. ముందు మా ఆవిడ తుమ్మింది. తరవాత నేను. తరవాత ముగ్గురం కలిసి తుమ్మాం, ఆగకుండా. కళ్ళల్లోంచి నీళ్ళు, ముక్కులోంచి మంట. కళ్ళు తుడుచుకుందామని చేత్తో రుద్దుకున్నాను. ఆ చెయ్యి అప్పటికి గుడ్డను తాకి ఉంది. ఆ తరవాత కాసేపు నేనేమీ చూడలేదు, విన్నదే రాస్తున్నాను.

"దిగమ్మా! దిగు ముందు!"

"యాడ దిగేదే, ఈ మోకాలు వంగితేగా!"

"నాన్నా, అమ్మను పట్టుకో!"

"నాకు కళ్ళు కనబడట్లేదు!"

ఇరుగుపొరుగు వాళ్ళొచ్చి మా ఆవిడను కుర్చీలో కూచోబెట్టినట్టు చేతుల మీద దించారు. నన్ను ఎవరూ దించలేదు. తడుముకుంటూ నేనే దిగాను.

అమ్మాయి పెద్దగా అరవలేదు. ముఖం కడుక్కుని, తల్లి మోకాలికి మందు రాసి, బ్యాగు సర్దుకుంది.

"చూశాగా నాన్నా. అమ్మ పళ్ళు బిగబట్టి ఎక్కింది, దిగనేలేదు. బాబాయికి చెప్పేస్తా."

అప్పటిదాకా నా కప్పును ఎగతాళి చేస్తూ వచ్చిన మా ఆవిడ కుర్చీలోంచి తల తిప్పింది. ముక్కు ఎర్రగా ఉంది.

"నేను దిగలేనని ఎవరన్నారే? నిచ్చెన నన్ను దిగనివ్వలేదు. అది వేరు, ఇది వేరు."

"అమ్మా, నీ మోకాలు..."

"నా మోకాలి సంగతి నాకు తెలుసు. కాయ కల్లానికి రాలేదుగా ఇంకా. గడువు గడువే. పో, బస్సుకు టైమవుతంది."

అమ్మాయి నా వైపు చూసింది. ఆ గొప్పతనం నాదేనన్నట్టు నేను గంభీరంగా నిలబడ్డాను.

మర్నాటి నుంచి పని మా ఆవిడ చేతిలోకి పోయింది. బరకాన్ని విప్పించి దాని పాత పనికి పంపింది. గుంటూరు నుంచి కొత్త కాన్వాసు తెప్పించమని సాయిబుకు ఆవిడే ఫోను చేసింది. "ఈసారి ఆయన మాట వినమాక. గుడ్డ వాసన చూసి కుట్టు," అంది. నిచ్చెనను గొడ్ల పాకలో పారేయించింది. ఆ తరవాత నన్ను చేనికి తీసుకుపొమ్మంది. కల్లం చుట్టూ తిరిగి చూసింది. గట్టు పక్కన, ఎప్పుడో చేనికి దడి పాతుదామని నేను తోలుకొచ్చి వదిలేసిన నాపరాళ్ళ దొంతర ఉంది.

"జన్మంతా రాళ్ళు తోలావు. నీకు నిచ్చెన గుర్తొచ్చింది గానీ రాయి గుర్తు రాలేదా?"

"రాయేంది?"

"జీపు ఎప్పుడూ ఈడేగా ఆపేది. దాని వెనక తలుపు దాకా మెట్లు కట్టు. నా కాలు ఎంత లేస్తే అంత ఎత్తు."

అదీ మాట. కొండల్లో తిరిగేవాడికి మడత నిచ్చెన కావాలి. మా జీపు పోయేది ఇంటి నుంచి కల్లానికి, కల్లం నుంచి ఇంటికి. దేశమంతా తిరిగే బండి కట్టానని ఊళ్ళో చెప్పుకున్నాను కదా, ఆ మాయలో నేనే పడిపోయి ఈ చిన్న సంగతి చూసుకోలేదు.

మెట్లు కట్టడం నేను అనుకున్నంత తేలిక కాలేదు. రాయి మీద రాయి పేర్చి మొదటి మెట్టు చేస్తే ఆవిడ కాలు పెట్టి చూసింది.

"ఎత్తు. ఒక రాయి తియ్యి."

తీశాను.

"ఇంకోటి."

"ఇంకోటి తీస్తే అది మెట్టవదే, గడపవుద్ది."

"గడపే కావాలి. మెట్లెక్కగలిగితే నీతో నాకేం పని?"

ఒక్కో మెట్టునూ ఆవిడ ఎక్కి చూడటం, మోకాలు ఏమంటుందో విన్నట్టు కాసేపు ఆగటం, రాయి తీయించటం, వేయించటం. మూలల్లో రాయి కొంచెం ఊగినా ఒప్పుకోలేదు. పొద్దుగూకేసరికి నా నడుము నాది కాకుండా పోయింది. మానేద్దామనిపించింది, ఎందుకు దాచాలి. కానీ ఆవిడ గట్టు మీద కూచుని మోకాలికి తువ్వాలు చుట్టుకుంటూ, "రేపు సిమెంటు తెచ్చుకో, అతుకులు కదలకుండా," అంది. సిమెంటు తెచ్చాను.

అట్టా వెనక తలుపు దాకా వెడల్పాటి, పొట్టి మెట్లు లేచాయి. జీపు లోపల ఒక చెక్క మెట్టు. ఆ పైన పరుపు అంచున కూచుని కాళ్ళు పైకి తిప్పుకుంటే చాలు. పట్టుకోవడానికి బావ ఒక పైపును చట్రానికి అతికిచ్చాడు. బస్సు తలుపు దగ్గర ఉండేలాంటిది. మా ఆవిడ దాన్ని పట్టుకుని ఊపి చూసింది. ఊగలేదు. పైకెక్కింది. పరుపు మీద కూచుని కిటికీ జిప్పు తీసి, చేనంతా ఒకసారి చూసింది. బాగుందనలేదు. "దిండు గట్టిగా ఉంది," అంది. మా ఇంట్లో దాన్ని మెచ్చుకోలు కింద లెక్కేసుకుంటాం.

ఈ ఏర్పాటు సంగతి అమ్మాయికి ఫోన్లో చెప్పాం. "సరే, కల్లం ఎట్టా గడుస్తదో చూద్దాం," అంది. నమ్మినట్టు లేదు. అప్పటికి నా ఫోను మాటల విలువ ఆమెకు తెలుసు.

కోతలయ్యాయి. కాయ కల్లానికి వచ్చింది. రోజూ సాయంత్రం కుప్పలు లాగి, బరకాలు కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టి, కప్పు లేపుకుని పడుకునేవాళ్ళం. మొదటి రోజుల్లో నాకు నిద్ర పట్టలేదు. పైన గాలి అంత హాయిగా ఉంటే నిద్రపోవడం దండగనిపించేది. తరవాత్తరవాత అంత దండగ అనిపించలేదు.

కాయ దాదాపు ఎండిపోయిన రోజుల్లో, ఒక తెల్లవారుజామున మబ్బు కమ్మింది. ఆ పొద్దున ఏం జరిగిందో ముందు నేను అమ్మాయికి చెప్పినట్టు రాస్తాను. సత్తెనపల్లిలో జల్లు పడేసరికి ఆమే ఫోను చేసింది.

"నాన్నా, అక్కడ వానా? కాయ తడిసిందా?"

"ఒక్క కాయ తడిస్తే ఒట్టు. గాలి మొదలవగానే లేచా. చూస్తే పెద్ద కుప్ప మీద బరకం లేచి రెపరెపలాడతంది. మీ అమ్మను చేతుల మీద ఎత్తుకుని మెట్ల మీంచి దించా. దించి, ఒక చేత్తో బరకం లాగా, ఒక చేత్తో రాళ్ళు..."

నా వీరత్వం విని మురిసిపోతోందనుకుని ఇంకాస్త కలిపాను. అప్పుడు అమ్మాయి చానా నెమ్మదిగా అడిగింది.

"అమ్మను ఎత్తుకుని దించావా?"

"మరి?"

"అంటే అమ్మ తనంతట తాను దిగలేకపోయింది."

నాకు వెంటనే తట్టలేదు.

"ఆ మెట్లు కూడా పనికి రాలేదన్నమాట. నీ నడుము పట్టేసిన రోజు అమ్మ పైనే ఉండిపోద్ది. ఏ పామో, పిడుగో వస్తే? నాన్నా, నేను చెప్పిందేంది? అమ్మ ఒకరి సాయం లేకుండా ఎక్కాలి, దిగాలి. ఇంక నాకేం చెప్పమాక. బాబాయితో ఇవాళే మాట్లాడతా."

చేను, కల్లం, మెట్లు, కప్పు అన్నీ నా నోటి నుంచే జారిపోతున్నాయి. కల్లంలో మా ఆవిడ బరకాల మీద నీళ్ళు దులుపుతోంది. ఫోన్లో నేనన్నదంతా వినే ఉంటుంది. నడుము మీద చెయ్యి పెట్టుకుని నా వైపు చూసింది. నీ నోటితో పోగొట్టావు, నీ నోటితోనే తెచ్చుకో అన్నట్టుంది ఆ చూపు.

నేను చెప్పిన గొప్పలన్నీ ఉత్తవేనని తరవాత ఎప్పుడో ఒకప్పుడు, తీరిగ్గా, నవ్వుతూ ఒప్పుకోవడం నాకు అలవాటు. ఒప్పుకోవడానికి అంత ఆత్రపడింది మాత్రం అదే మొదటిసారి.

"అమ్మాయ్, ఆగు, ఆగు. అదంతా అబద్ధం."

"ఏది అబద్ధం?"

"ఎత్తడం."

"మరి చెయ్యి పట్టుకుని దించావా?"

"పట్టుకోలేదు. బరకం లాగింది కూడా నేను కాదు."

"నువ్వేం చేశావు మరి?"

"నిద్రపోయా."

జరిగింది ఇదీ. గాలి మారిన చప్పుడు మా ఆవిడ విన్నది. కిటికీ జిప్పు తీసి చూస్తే, పెద్ద కుప్ప మీద బరకం అంచు రాయిని తోసుకుని లేస్తోంది. నన్ను తట్టింది. నేను పక్కకు తిరిగి పడుకున్నానట. ఆవిడ పరుపు అంచున కూచుని, కాళ్ళు దించి, పైపు పట్టుకుని, చెక్క మెట్టు, రాతి మెట్లు ఒక్కొక్కటే దిగింది. టార్చి చంకలో పెట్టుకుని బరకం లాగింది, అంచున ఇంకా రెండు రాళ్ళు పెట్టింది. రేకు మీద వాన టపటపమంటే నాకు మెలకువ వచ్చింది. పక్కన చూస్తే పరుపు ఖాళీ. కంగారుగా కిందకు వంగి చూస్తే, జీపు లోపల సీట్లో కూచుని తువ్వాలుతో తల తుడుచుకుంటోంది.

"లేచావా? కాయ కప్పా. పడుకో," అంది.

ఇదంతా అమ్మాయికి చెప్పాను. ఏమీ కలపలేదు, ఏమీ దాచలేదు. నన్ను తట్టినా లేవలేదన్న సంగతి కూడా.

"అమ్మ ఒక్కతే దిగిందా?"

"ఒక్కతే."

"వానలో?"

"వానకు ముందే దిగింది. మళ్ళీ ఎక్కి లోపల కూచుంది."

"నిజంగా నిద్రపోయావా నాన్నా?"

"నీ మీదొట్టు. గురక కూడా పెట్టానంట."

అటువైపు వినబడింది నవ్వో, తుమ్మో తెలియలేదు. "ఫోను అమ్మకియ్యి," అంది.

ఇచ్చాను. ఇటువైపు మాటలే నాకు వినబడ్డాయి. "ఆ... దిగా... ఆ పైపు పట్టుకుని... లేదు, నెప్పేం లేదు... ఎవరూ? మీ నాన్నా? పిడుగు పడ్డా లేవడు... ఆ... ఆ... ఏమో, ఆయన్నే అడుగు," అని ఫోను నా వైపు చాపి, "వచ్చే పంటకు నారు ఏ రకం పోస్తావని అడగతంది," అంది.

ఏం రకమో చెప్పాను. పక్క చేను బాబాయి మాట ఆమె ఎత్తలేదు, నేనూ గుర్తు చెయ్యలేదు.

అప్పటికి మబ్బు విడిపోయింది. గట్టు మీద ఎండ పడుతోంది. మా ఆవిడ బరకం అంచున రాళ్ళు పక్కకు జరుపుతోంది.

"చూస్తా నిలబడ్డావేంది? ఆ కప్పు దించి రా. కాయ ఆరబొయ్యాల."

కప్పు దించాను. ఒక్క చేత్తో దించానని రాద్దామనుకున్నాను. రెండు చేతులూ పట్టాయి. తాడుకు వేలాడాల్సి వచ్చింది. చివరకు ఆవిడే వచ్చి, మూడో మెట్టు మీద నిలబడి, కొక్కెం తగిలించింది.